ఏ బౌద్ధ, ఆధ్యాత్మిక పుస్తకాలు చదవవద్దని చెప్పాలి?

దారిదీపం
కొత్తగా చదవడం మొదలుపెట్టేవారి కోసం పుస్తకాల జాబితా ఒకటి తయారుచేస్తున్నాను. ఏవి చదవాలో చెప్పడానికి అందరూ ముందుకొస్తారు, ఏవి పక్కన పెట్టాలో మాత్రం చెప్పరు. పాఠకుడికి మేలు చేయని పుస్తకాలు మీ దృష్టిలో ఏవి? కారణం కూడా రాయండి.

తాళపత్రం
కారణమే ముందు రాస్తాను. 'బుద్ధుడు ఇలా అన్నాడు' అని రాసి, ఏ సుత్తంలో, అంటే ఏ ఉపదేశ పాఠంలో, అన్నాడో రాయని పుస్తకం ఎవరిదైనా పక్కన పెట్టవలసిందే. 'నువ్వు ఏది ఆలోచిస్తే అదే అవుతావు' అన్న వాక్యం బుద్ధుడి బొమ్మ కింద ఎన్నిసార్లు చూసి ఉంటారు? అది బుద్ధుడి గాథల సంకలనమైన ధమ్మపదంలో మొదటి గాథకు పట్టిన చెద. 1881లో అచ్చయిన మాక్స్ ముల్లర్ ఇంగ్లీషు అనువాదంలో, మనమంతా మన ఆలోచనల ఫలితమే అన్న అర్థం వచ్చింది. తర్వాతివాళ్ళు దాన్ని సాగదీశారు. మూలభాష పాళీలో ఉన్నది 'మనోపుబ్బంగమా ధమ్మా', అంటే మనసు ముందు నడుస్తుందని. ఆ వెంటనే 'భాసతి వా కరోతి వా' అని ఉంది. చెడిన మనసుతో మాట్లాడినా, పని చేసినా, బండి లాగే ఎద్దు కాలి వెంట చక్రం వచ్చినట్టు దుఃఖం వెంట వస్తుందని. ఆ మాటనూ, ఆ పనినీ మింగేసి ఆలోచన ఒక్కటే మిగిల్చారు.

ఒడ్డుచెట్టు
తాళపత్రం గారూ, మీ కొలతతో కొలిస్తే నేను ఈ దారికే వచ్చేదాన్ని కాదు. పదహారేళ్ళప్పుడు నా చేతికి మొదట దొరికింది లోబ్సాంగ్ రంపా రాసిన 'ద థర్డ్ ఐ'. లామా నుదుటికి రంధ్రం చేసి మూడో కన్ను తెరిచే ఘట్టం రాత్రి చదివి, తెల్లవారి లేవగానే నా నుదురు తడిమి చూసుకున్నాను. 1956లో వచ్చిన ఆ పుస్తకం రాసినవాడు టిబెట్ లామా కాడనీ, సిరిల్ హాస్కిన్ అనే ఇంగ్లీషువాడనీ 1958లోనే బయటపడిందట. అది నాకు తెలిసేనాటికి నేను బుద్ధుడి సుత్తాల సంపుటం మజ్ఝిమ నికాయంలో సగం దాటాను. అబద్ధపు పుస్తకమే నన్ను నిజమైన పుస్తకాల దగ్గర దింపింది.

తాళపత్రం
దొంగనోటుతో కొన్న మందుకూ రోగం తగ్గుతుంది. అంతమాత్రాన నోటు మంచిదైపోతుందా? పైగా గుట్టు బయటపడ్డాక ఆయన చెప్పుకున్నదేమిటి? లామా ఆత్మ తన శరీరంలో ప్రవేశించిందని! మీరు ఒడ్డుకు చేరారు కాబట్టి చెబుతున్నారు. మధ్యలో మునిగినవాళ్ళు వచ్చి ఇక్కడ రాయరు.

బాటసారి
కాలామ సుత్తంలో బుద్ధుడే దేన్నీ నమ్మవద్దన్నాడు. ఇక జాబితా ఎందుకు?

తాళపత్రం
సగమే చదివారు. పరంపరగా వచ్చిందనీ, గ్రంథంలో ఉందనీ, గురువు చెప్పాడనీ నమ్మవద్దన్నది నిజమే. కానీ 'ఇవి అకుశలమైనవి, విజ్ఞులు నిందించేవి, ఆచరిస్తే హాని చేసేవి అని మీకు మీరుగా తెలుసుకున్నప్పుడు విడిచిపెట్టండి' అని కూడా అక్కడే ఉంది. విజ్ఞుల మాట లెక్కలో ఉంది. 'నాకు నచ్చలేదు' అన్నది లెక్కలో లేదు.

గోరువంక
సుత్తం సంఖ్యే కొలమానమైతే అంబేద్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' కూడా తీసేస్తారా? అందులో ముసలివాడు, రోగి, శవం చూసి ఇల్లు విడిచిన కథను ఆయన ఒప్పుకోలేదు.

తాళపత్రం
తీసేయను. తనకు ఎక్కడ సందేహమో, ఎందుకు సందేహమో ఆయన ఉపోద్ఘాతంలోనే దాచకుండా రాశారు. 1957లో, ఆయన పోయాక అచ్చయిన ఆ పుస్తకంతో విభేదించవచ్చు, మోసపోయానని మాత్రం ఎవరూ అనలేరు. నా కోపం దాచేవాళ్ళ మీద.

నెమలికన్ను
మీరిద్దరూ అనువాదాల దగ్గరే ఆగిపోయారు. మా అక్కకు కీళ్ళవాతం. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, సీసా మూత తిప్పలేదు. ఎవరో ఒక పుస్తకం ఇచ్చారు. రోగాలన్నీ మనం అణచుకున్న కోపం నుంచీ, పాత కర్మ నుంచీ వస్తాయని అందులో ఉంది. పేజీ అంచున అక్క పెన్సిలుతో రాసుకున్నది చూశాను: 'నేను ఎవరిని క్షమించలేదు?' కింద పదకొండు పేర్లు. నాదీ ఉంది. నాలుగు నెలలు మాత్రలు మానేసింది. అందులో బుద్ధుడి మాటలు బోలెడున్నాయి తాళపత్రం గారూ, కొన్నింటికి సుత్తం పేర్లు కూడా ఉన్నాయి.

ఒడ్డుచెట్టు
చదివి బాధ కలిగింది. అయినా తప్పు పుస్తకానిదేనా? అలగద్దూపమ సుత్తంలో పామును తోక దగ్గర పట్టుకున్నవాడి కథ ఉంది. అది వెనక్కి తిరిగి చేతిని కరుస్తుంది. పట్టుకోవడం తెలియకపోతే అసలైన ధర్మమైనా కరుస్తుంది.

నెమలికన్ను
అంటే మా అక్కకు పట్టుకోవడం రాలేదంటారా? ఆ పుస్తకం కూడా అదే చెప్పింది అమ్మా, తప్పు నీదేనని. మీకూ దానికీ తేడా ఏమిటి?

గోరువంక
ఆ సుత్తంలో తోక పట్టుకున్నవాడెవడో చూశారా? ఇతరులను తప్పుపట్టడానికీ, వాదనలో నెగ్గడానికీ ధర్మం నేర్చుకున్నవాడు. ఈ పేజీ నిండా ఉన్నాం.

తాళపత్రం
నెమలికన్ను గారూ, సంయుత్త నికాయం అనే మరో సుత్తాల సంపుటంలో మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు సరిగ్గా ఈ ప్రశ్నే అడిగాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనేనా అని. కాదన్నాడు బుద్ధుడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలిసినది, రుతువుల మార్పు, ఒడుదొడుకుల నడవడి, పైనుంచి తగిలిన దెబ్బ, ఇన్ని చెప్పి ఎనిమిదోదిగా కర్మను చెప్పాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. మూలం చూడండి, మూలం చూడండి అని నేను పోరేది ఇందుకే.

ఒడ్డుచెట్టు
మూలం చూస్తే హాని జరగదా? వేసాలి (వైశాలి) నగరంలో బుద్ధుడే, శరీరం అసహ్యమైనదని తలచే అశుభ భావన నేర్పి పదిహేను రోజులు ఏకాంతానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి సంఘం పలచబడి ఉంది. శరీరం మీద రోత పుట్టి ఎందరో భిక్షువులు ప్రాణాలు తీసుకున్నారు. అదీ సంయుత్త నికాయంలోదే. ఇక ఆ నికాయాన్ని కూడా జాబితాలోంచి తీసేద్దామా?

నెమలికన్ను
తర్వాత ఏం జరిగిందో కూడా రాయండి. శిష్యుడు ఆనందుడు అడిగితే అందరినీ పిలిపించి, దాని బదులు శ్వాస మీద ధ్యాస నేర్పాడు. నేర్పినవాడు తిరిగి వచ్చి చూశాడు, మార్చాడు. మా అక్క మంచం పక్కన ఉన్న పుస్తకం రాసినవాడు ఎప్పుడు వచ్చి చూస్తాడు?

ఒడ్డుచెట్టు
దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఒక ధ్యాన శిబిరంలో గురువు నా సంచిలోంచి మూడు పుస్తకాలు తీసి 'ఇవి నీ స్థాయికి కావు' అన్నారు. ఒకటి థేరీగాథలు. స్త్రీలు రాసిన పాటలు నా స్థాయికి ఎందుకు కావో అడిగితే, ఆ అడగడమే అహంకారమన్నారు. పుస్తకాలు తిరిగి ఇవ్వలేదు. 'చదవవద్దు' అన్న మాట వింటే నాకు ముందు ఆ చెయ్యి కనిపిస్తుంది. మీరంతా మంచివాళ్ళే కావచ్చు. జాబితా రేపు ఎవరి చేతిలో పడుతుంది?

తాళపత్రం
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత కరుకుగా రాసేవాణ్ణి కాదు. నాదీ చెబుతాను. ఒక అనువాదాన్ని తొమ్మిదేళ్ళు చదివాను, వారానికొకసారి పదిమందిని కూర్చోబెట్టి వాక్యం వాక్యం వివరించాను. పాళీ నేర్చుకున్నాక, నేను ఎక్కువగా మురిసిపోయి చెప్పిన రెండు పేజీలు మూలంలో లేనేలేవని తెలిసింది. ఆ పదిమందిలో ఒకరు పోయారు. ఆసుపత్రిలో కూడా ఆ పేజీలే చదివించుకున్నారు. ఆయనకు వాటివల్ల నెమ్మది కలిగింది. దాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒడ్డుచెట్టు
మరి అది దొంగనోటా, మందా?

బాటసారి
ఇప్పుడు అర్థమవుతోంది మీరెందుకు పోట్లాడుకుంటున్నారో.

దారిదీపం
'చదవవద్దు' అన్న శీర్షిక తీసేస్తున్నాను. పుస్తకం పేరు పక్కన రెండు మూడు వాక్యాలు రాస్తాను: రాసినవారికి మూలభాష వచ్చా, ఏది మార్చారు, రోగం గురించి ఏమంటుంది. రోగం వస్తే అది నీ తప్పేనని చెప్పే పుస్తకాలను మాత్రం జాబితాలో చేర్చను. ఒడ్డుచెట్టు గారికి కోపం వచ్చినా సరే.

ఒడ్డుచెట్టు
కోపం లేదు. చేర్చకపోవడం వేరు, సంచిలోంచి తీసుకోవడం వేరు.

నెమలికన్ను
అక్క మళ్ళీ మాత్రలు వేసుకుంటోంది. పుస్తకం మాత్రం పారేయనివ్వడం లేదు. సీవకుడి సుత్తం చేత్తో రాసి, ఆ పదకొండు పేర్ల పేజీలో పెట్టి వచ్చాను. ఇంకా చూసినట్టు లేదు.

తాళపత్రం
మంచి పని చేశారు. రాసేటప్పుడు ఆ ఎనిమిదీ క్రమంలోనే రాశారు కదా? కర్మను కొందరు మొదట పెట్టి రాస్తున్నారు.