అప్‌డేట్: లాక్‌డౌన్ జీతం సంగతి ఏమైందంటే

2020 జూన్ మొదట్లో ఇక్కడ అడిగింది నేనే. ఏప్రిల్‌లో సగం జీతమే వేశారు, మేలో పైసా లేదు, పైగా "ఇష్టపూర్వకంగా సెలవు" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారని. పెట్టొద్దన్నారు మీరు, పెట్టలేదు.

జీతం కోయొద్దన్న కేంద్ర హోంశాఖ మార్చి 29 ఆర్డర్ ప్రింటు తీసి పట్టుకెళ్లా. "అది మే 17న తీసేశారు కదండీ" అన్నాడు హెచ్‌ఆర్, నవ్వుతూ. నిజమే. మరి అది ఉన్నన్నాళ్ల సంగతో? జూన్ 12న సుప్రీంకోర్టు యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దు, ఇద్దరూ మాట్లాడుకోండి, కార్మిక శాఖ సాయం చేయాలి అంది. చదివి ఉసూరుమన్నా.

పనికొచ్చింది మాత్రం ఇక్కడొకరు చెప్పిన లే-ఆఫ్ (పని ఇవ్వలేక తాత్కాలికంగా ఆపేయడం) పాయింటు. 50 మందికి తగ్గకుండా ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు ఉంటే, అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లే-ఆఫ్ రోజులకు బేసిక్, డీఏ (కరువు భత్యం)లో సగం ఇవ్వాల్సి ఉండేది. మేం డెబ్బై మందిమి. పదకొండు మందిమి కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం. రెండో పిలుపుకే మేనేజరు దిగొచ్చాడు.

ఏప్రిల్ బకాయి మొత్తం, మే సగం, రెండు విడతల్లో అని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మొదటి విడత నిన్న పడింది. మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరే లేని లోడింగ్ కుర్రాళ్లకు మాత్రం ఏమీ రాలేదు. వాళ్ల తరఫున ఏం చేయొచ్చో తెలిస్తే చెప్పండి.