పొలం తన పేరున లేని స్త్రీకి జీడిపప్పు యూనిట్ కోసం అప్పు పుట్టదా?

ప్రశ్న: ఉద్దానం ఆడపడుచు

అందరికీ నమస్కారం. పలాసలోని జీడి కర్మాగారాల్లో పదకొండేళ్లుగా పిక్కలు కొట్టడం మొదలుకొని పప్పు ఏరడం దాకా అన్ని పనులూ చేశాను. సొన అంటి చేతులు పొక్కకుండా బూడిద పూసుకుని కూర్చునేది ఆడవాళ్లమే అయినా, యజమానుల్లో ఆడవాళ్లు నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇంటి వెనుక రేకుల షెడ్డులో చిన్న యూనిట్ పెట్టుకుందామని 8 లక్షల అంచనాతో బ్యాంకుకు వెళితే, మేనేజరు గారు కాగితాలు తిరగేయకముందే "పొలం ఎవరి పేరున ఉంది? మీ ఆయన వచ్చి సంతకం పెడతారా?" అని అడిగారు. పొలం మా మామగారి పేరున ఉంది. డ్వాక్రా సంఘంలో ఒక్క వాయిదా కూడా తప్పని దాన్ని. ఆస్తి చూపకపోతే అప్పు ఇవ్వకూడదన్నది నిబంధనా, బ్యాంకుల అలవాటా?

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం

అలవాటేనమ్మా. సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల లోపు ఇచ్చే రుణానికి ఆస్తి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. మీరు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద దరఖాస్తు చేయండి. మహిళలు సొంతంగా పెట్టవలసింది 5 శాతమే, అంటే మీ లెక్కలో 40 వేలు. మీ ఊరు పంచాయతీ అయితే సబ్సిడీ 35 శాతం, పలాస–కాశీబుగ్గ మునిసిపాలిటీలోకి వస్తే 25 శాతం. అయితే ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లపాటు మీ రుణఖాతాకు జతగా డిపాజిట్టుగా ఉంటుంది.

మేనేజరు ప్రశ్నను నేను సమర్థించను గానీ, దాని వెనుక ఒక సంగతి ఉంది. మహిళలకు సబ్సిడీ ఎక్కువ కనుక, భర్త నడిపే వ్యాపారానికి భార్య పేరున పెట్టిన దరఖాస్తులు నా సర్వీసులో చాలానే చూశాను. ఆ అనుమానం మీలాంటి అసలైన పనివాళ్ల మీద పడుతోంది. ఇక సంఘం అప్పు సంఘం పేరునే ఉంటుంది కాబట్టి, మీరు సక్రమంగా కట్టినా అది చాలాసార్లు మీ సొంత చరిత్రగా తూకానికి రాదు. సంఘం పుస్తకం నకలు, పనిచేసిన చోటి నుంచి అనుభవ పత్రం జతచేయండి. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా ఇమ్మనండి.

జవాబు: తాండ్ర వ్యాపారి, భీమాలి, విజయనగరం జిల్లా

చెల్లీ, హామీ గండం దాటినా అసలు ఇబ్బంది ఆ తర్వాతే ఉంటుంది. నాకు యంత్రానికి అప్పు దొరికింది, కాయకు దొరకలేదు. ఏడాది పొడవునా అమ్మే తాండ్రకు రసమంతా వేసవి ఎండల్లోనే చాపల మీద పొర మీద పొరగా పోసి ఆరబెట్టాలి కదా, ఆ రెండు నెలల్లో చేతిలో రొక్కం లేక మొదటి ఏడాది గాజులు తాకట్టు పెట్టాను. మీ పిక్కలూ అంతే. మార్చి నుంచి మే లోపు కొనలేనివాళ్లు తర్వాత నిల్వదారు చెప్పిన ధరకే కొనాలి. అందుకే యంత్రాల రుణంతో పాటు సరుకు కొనుగోలుకు క్యాష్ క్రెడిట్ పరిమితి (అవసరమైనప్పుడు వాడుకుని, సరుకు అమ్మాక తిరిగి కట్టే అప్పు) కూడా దరఖాస్తులోనే అడగండి.

మరొక మాట. బేరం ఆడేది నేనైనా, లోడు ఎక్కాక డబ్బు సంగతి మాట్లాడటానికి కొనుగోలుదారులు ఇప్పటికీ మా ఆయనకే ఫోను చేస్తారు. బిల్లు మీద నా నంబరు ఒక్కటే అచ్చు వేయించాక కొంత తగ్గింది.

ఉద్దానం ఆడపడుచు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ మాట చదివి లెక్క మళ్లీ వేశాను. షెడ్డుకూ యంత్రాలకూ 6 లక్షలు రాసి, పిక్కలకు 2 లక్షలే మిగిల్చాను. 80 కిలోల బస్తా 12 వేలనుకున్నా పదహారు బస్తాలు దాటవు, నలుగురం కూర్చుంటే నెల తిరక్కుండానే అయిపోతాయి. షెడ్డు ఖర్చు తగ్గించి, పిక్కల పద్దు పెంచి అంచనా తిరగరాస్తున్నాను. సోమవారం మళ్లీ బ్యాంకుకు వెళుతున్నాను, ఒక్కదాన్నే.