కార్బన్ రేణువుల్ని రెసిన్‌తో అతికించాలి, రంధ్రాలు మూసుకుపోకూడదు: ఎలా?

ప్రశ్న: రెస్పిరేటర్ ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్‌ను వదులుగా నింపితే కుదుపులకు కిందికి సర్దుకుంటుంది. పైన మిగిలిన ఖాళీలోంచి గాలి శుద్ధి కాకుండానే దాటిపోతుంది. అందుకే రేణువుల్ని దిమ్మగా అతికించాలని ఉంది. కార్బన్ 12×20 మెష్ (జల్లెడ కొలత). ద్రవ ఎపాక్సీ వాడాలా, పొడి రెసినా? ఎంత కలపాలి?

జవాబు 1: ద్రవ రెసిన్ వద్దండీ. కార్బన్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. అతుకు బలహీనంగానే ఉంటుంది, వాయువును పట్టాల్సిన రంధ్రాలు మాత్రం నిండిపోతాయి. ద్రావకం ఉంటే అదీ రంధ్రాల్లోనే తిష్ఠ వేస్తుంది.

థర్మోప్లాస్టిక్ (వేడికి మెత్తబడే) పాలీయురేథేన్ పొడి తీసుకోండి. మీ రేణువులు 0.85–1.7 మి.మీ. కాబట్టి పొడి 0.1–0.2 మి.మీ. ఉంటే సరిపోతుంది. బరువులో 15 శాతంతో మొదలుపెట్టండి. ముందు కార్బన్‌ను 110 డిగ్రీల దగ్గర బాగా ఆరబెట్టాలి, లేకపోతే అచ్చులో ఆవిరి పుట్టి దిమ్మ పగులుతుంది. వేడి రేణువుల మీద పొడి చల్లి కలిపితే చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. తర్వాత అచ్చులో పోసి, పాలిమర్ మెత్తబడే స్థాయికి కొంచెం పైన ఉంచి, మెల్లగా నొక్కండి. గట్టిగా నొక్కితే రేణువులు నలిగి దుమ్మవుతాయి, శ్వాసకు అడ్డు పెరుగుతుంది. కార్బన్‌లో వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) దిమ్మ నడిమధ్యలో పెట్టండి. ఓవెన్ మీద కనిపించే అంకెను నమ్మొద్దు.

జవాబు 2: పైన చెప్పింది సాదా కార్బన్‌కే. కొన్ని విషవాయువుల కోసం టీఈడీఏ (ట్రైఇథిలీన్‌డయామీన్ అనే రసాయనం) పట్టించిన కార్బన్‌ను ఇలా వేడిచేస్తే ఆ టీఈడీఏ ఆవిరై పోతుంది. ముందు దిమ్మ చేసుకుని, ఆ తర్వాత తక్కువ వేడిలో టీఈడీఏ ఆవిరి పట్టించాలి.

ప్రశ్న వేసినవారు: రంధ్రాలు మూసుకుపోయాయో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు 1: బ్యూటేన్ పరీక్షతో, అంటే ఎంత బ్యూటేన్ వాయువును పట్టుకుంటుందో తూచి చూడటంతో. లెక్క కార్బన్ బరువు మీదే వేయాలి. ఉదాహరణకి, 100 గ్రాముల వట్టి కార్బన్ 24 గ్రాములు పడితే, 15 శాతం రెసిన్ ఉన్న 100 గ్రాముల దిమ్మ 20.4 పట్టాలి. 20 వస్తే బాగున్నట్టే. 14 వస్తే రెసిన్ కరిగి రేణువుల మీద పొరలా పరుచుకుంది, వేడి తగ్గించండి.

ఇంకొకటి, దిమ్మ చల్లారాక కుంచించుకుని అంచు వదిలేస్తుంది. చుట్టూ సీల్ చేయకపోతే మళ్లీ గాలి పక్కదారే పడుతుంది. చివరికి బ్రేక్‌త్రూ పరీక్ష (వాయువు ఫిల్టర్ దాటి అవతలికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడటం) తప్పదు. ఈఎన్ 14387 (గ్యాస్ ఫిల్టర్ల ఐరోపా ప్రమాణం) ఏ1 తరగతికి నిమిషానికి 30 లీటర్ల గాలిలో 1000 పీపీఎం సైక్లోహెక్సేన్ పంపితే, అవతల 10 పీపీఎం చేరడానికి కనీసం 70 నిమిషాలు పట్టాలి. ఆమోద పరీక్షలన్నీ నెగ్గేదాకా దాన్ని ఎవరి ముఖానికీ తగిలించకండి.