అప్‌డేట్: పాత గేమ్‌లు మళ్లీ మొదలయ్యాయి

గుంటూరు బ్రాడీపేట నెట్ సెంటర్ రోజుల గేమ్‌లన్నీ మళ్లీ ఆడాలని ఉంది, ముందు ఏది పట్టాలి, డాస్ (విండోస్‌కి ముందు కాలపు సిస్టమ్) గేమ్‌లు కొత్త ల్యాప్‌టాప్‌లో నడుస్తాయా అని ఆ మధ్య అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పాత డాస్ గేమ్‌లను కొత్త కంప్యూటర్‌లో నడిపించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా పనిచేసింది. గేమ్ నత్తనడక నడుస్తుంటే కంట్రోల్‌తో ఎఫ్12, మరీ పరిగెడితే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే చాలు. ముందు 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియానే పట్టాను. రాకుమారిని కాపాడటానికి ఉన్నది గంటే. అయినా నేల నుంచి మేకులు పైకొచ్చే చోట షిఫ్ట్ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తున్నాను. టైమ్ పోతే పోయింది, ప్రాణం ముఖ్యం!

రాజ్యం కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మాత్రం శనివారం రాత్రికే. 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ కొన్నాను. పొలాలు వేసి, గోడలు కట్టుకునేసరికే పన్నెండు దాటుతోంది. మర్నాడు ఇంట్లో అక్షింతలు మామూలే. గుంటూరు ఎండలకి ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత వేరే.

కమాండోస్, మ్యాక్స్ పేన్ ఇన్‌స్టాల్ చేసి అలాగే ఉంచాను. యువరాజు బయటపడే దాకా వాటిని ముట్టుకోను. బైక్ రేసుల రోడ్ రాష్‌కి మాత్రం మినహాయింపు, అది రెండు రేసులు ఆడి ఆపేయొచ్చు కాబట్టి.