‘దీనికి చావు లేదు’ అంటే నమ్మి పాత హోండా సీటీ110 బైకు కొన్నాను. ముందు ఏం చూసుకోవాలి?

కొత్తరైడర్:
అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలో ఉంటున్నాను. ఇక్కడి పోస్టల్ వాళ్ళు వాడి, తర్వాత వేలంలో అమ్మేసిన సీటీ110 ఒకటి నా చేతికొచ్చింది. మధ్యలో ఎవరిదో పొలం షెడ్డులో చాలాకాలం పడి ఉందట. ఎర్ర రంగు వెలిసిపోయింది, సీటు చిరిగింది, సైలెన్సర్‌కి తుప్పు. అయినా కొత్త పెట్రోల్ పోసి కిక్ కొడితే స్టార్టయింది! ఆ క్షణం నుంచే దీనిమీద పిచ్చి ఇష్టం పుట్టేసింది.

కానీ కొన్ని సందేహాలున్నాయి. కిక్ కొన్నిసార్లు పట్టు దొరక్కుండా జారిపోతోంది. స్టార్టవగానే నీలం పొగ వచ్చి కాసేపటికి తగ్గుతోంది. చోక్ తీసేస్తే ఆగిపోతోంది, అందుకని కొంచెం చోక్ మీదే నడుపుతున్నాను. ఫస్ట్ గేర్ వేస్తే బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతోంది. వీటిని ఎలాగైనా వాడొచ్చు, ఏమీ కాదు అంటారు కదా, ఇలాగే నడిపేయొచ్చా?

మట్టిరోడ్డు:
అదృష్టవంతులండీ. ఫొటో పెట్టండి ముందు. తుప్పు తుడవకుండా పెట్టండి, అందం అంతా అందులోనే ఉంది.

ట్యాపెట్:
నడిపేయకండి. స్టార్టయింది కదా అని ఊరంతా తిప్పేముందు ఆయిల్ మార్చండి. మిగతావన్నీ తర్వాత.

ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ లీటరు కూడా ఉండదు. ఆ కాస్త ఆయిలే పిస్టన్ తిప్పే క్రాంకుకీ, గేర్లకీ, క్లచ్‌కీ, పైన వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్‌కీ దిక్కు. విప్పి పారేసి కొత్తది వేసుకునే పేపర్ ఫిల్టర్ వీటిలో లేదు. అడుగున ఒక జాలీ ఉంటుంది, క్రాంకు చివర గిర్రున తిరిగే ఒక గిన్నె ఉంటుంది. ఆ తిరుగుడు వేగానికి ఆయిల్‌లోని సన్న మురికి గిన్నె గోడకు అతుక్కుపోతుంది. మంచి ఏర్పాటే, కానీ దాన్ని ఎవరో ఒకరు విప్పి తుడవాలి. షెడ్డులో పడున్న బండికి ఆ పని ఎవరూ చేసి ఉండరు.

ఇంజన్ కొంచెం వేడెక్కాక పాత ఆయిల్ దించండి. డ్రైన్ బోల్ట్ తిరిగి బిగించేటప్పుడు జాగ్రత్త. క్రాంక్ కేసు అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. ఈ బళ్ళకు తగిలే గాయాల్లో చాలావరకు ఇలా యజమాని చేతిలోని స్పానర్ వల్ల తగిలేవే. కొత్త ఆయిల్ మోటార్‌సైకిల్‌దే అయ్యుండాలి, డబ్బా మీద ‘జాసో ఎంఏ’ (JASO MA, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందనే జపాన్ ప్రమాణం) అని ఉండాలి. క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి, రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఎవరైనా అలాంటిది పోసి ఉంటే మీ కిక్ జారడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇంకో మాట. డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూసేటప్పుడు దాన్ని మరలో తిప్పి బిగించకూడదు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా పెట్టి, ఇంజన్ ఆపి, కాసేపు ఆగి, పుల్లను ఊరికే ఆనించి తీసి చూడాలి. బిగించి చూస్తే పుల్ల ఇంకా లోపలికి దిగుతుంది, ఆయిల్ తక్కువున్నా సరిపడా ఉన్నట్టే కనిపిస్తుంది. లీటరు లోపు ఆయిల్ ఉన్న ఇంజన్‌లో ఆ తేడా చిన్నదేమీ కాదు.

పాతఇనుము:
ఆయిల్ సంగతి ట్యాపెట్ గారు చెప్పేశారు. కిక్, గేరు, చోక్ మూడూ కలిపి చూడాలి తమ్ముడూ.

ఫస్ట్ గేర్‌లో దూకడానికి నాకు కనిపిస్తున్న కారణం చోక్. ఈ బండికి చేతి క్లచ్ లేదు. ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంది. చోక్ మీద నడుపుతుంటే ఐడిల్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి ఇంజన్ వేగం) ఎక్కువగా ఉంటుంది, అంటే క్లచ్ అప్పటికే సగం పట్టేసి ఉంటుంది. అలాంటప్పుడు గేర్ వేస్తే దూకక ఏం చేస్తుంది? ముందు కార్బురేటర్ శుభ్రం చేసి, చోక్ లేకుండా నిదానంగా నిలబడేలా చెయ్యి.

నిల్వ పెట్రోల్ ఎండిపోయి మూసేసేది ముందుగా పైలట్ జెట్‌నే, అంటే కార్బురేటర్‌లో ఐడిల్‌కు పెట్రోల్ ఇచ్చే చిన్న గొట్టాన్నే. దాని రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. తీగ పెట్టి పొడవకు, రంధ్రం పెద్దదైపోతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి గాలితో ఊదు. తర్వాత కూడా ఆగిపోతుంటే కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న ఓ-రింగు (రబ్బరు చుట్ట), గ్యాస్కెట్ (అతుకులో పెట్టే పలుచటి పొర) దగ్గర గాలి లాగుతోందేమో చూడు.

ఇక కిక్ జారడం. ఈ ఇంజన్లలో కిక్ బలం క్లచ్ గుండానే క్రాంకుకు వెళ్తుంది. కుడివైపు కవరు మీద ఒక లాక్ నట్, దాని నడుమ ఒక స్క్రూ ఉంటాయి. ఇంజన్ ఆపి, నట్ వదులు చేసి, స్క్రూను కుడికి ఒక చుట్టు తిప్పు. తర్వాత మెల్లగా ఎడమకు తిప్పుతూ వస్తే ఒకచోట తగులుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడి నుంచి కుడికి చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి తెచ్చి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించు. నీ బండి మాన్యువల్‌తో ఒకసారి పోల్చి చూసుకో. దీనికీ లొంగకపోతే అప్పుడు కవరు విప్పి ప్లేట్లు చూడాలి.

కవరు విప్పే పని పడితే మాత్రం మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ దూర్చకు. జపాన్ స్క్రూల తల గాడి వేరు, దాన్ని జిస్ (JIS, జపాన్ ప్రమాణం) అంటారు. మామూలుది పైకి జారి తలను గుండుగా చేసేస్తుంది. జిస్ మొన ఉన్న ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒక్క సుత్తి దెబ్బ, అంతే.

మట్టిరోడ్డు:
పనిమాటలు పెద్దలు చెప్పేశారు కాబట్టి నేను ఇష్టం మాటలు చెప్తాను. ఈ బండి పుట్టుక చూస్తే ఎందుకింత మొండిదో అర్థమవుతుంది. 1958లో హోండా చిన్న బండి సూపర్ కబ్ వచ్చినప్పుడు, కంపెనీ పెట్టిన హోండా సోయిచిరో, వ్యాపారం చూసుకున్న ఫుజిసావా టకేఓ ఇద్దరికీ కావలసింది యంత్రాల గురించి ఏమీ తెలియని మనిషి కూడా నడిపే బండి. నూడుల్స్ పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నడపగలగాలి అనుకున్నారు. చేతి క్లచ్ లేకపోవడం అలా వచ్చింది. 2017 నాటికి ఆ కుటుంబం బళ్ళు పది కోట్లు తయారయ్యాయి. అమెరికాలో ఐడహోకు చెందిన ఒక డీలరు దానికే వెనక పెద్ద స్ప్రాకెట్, గుబ్బల టైర్లు వేసి కొండదారులకు అమ్మడం మొదలుపెట్టాడు. అది చూసి హోండా ట్రయల్ బళ్ళు తెచ్చింది, మీ సీటీ ఆ వరసలోదే.

మన సీడీ100, స్ప్లెండర్ ఇంజన్లకూ ఇదే రక్తం. ముందుకు పడుకున్న సిలిండర్ చూస్తేనే తెలిసిపోతుంది. వాటి బోరు (సిలిండర్ వెడల్పు) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5. మీ సీటీ110 స్ట్రోకు కూడా అదే 49.5, బోరు మాత్రం 52. చిన్నప్పటి నుంచి మీరు వింటున్న చప్పుడే ఇది, కొంచెం గొంతు మారింది.

పాతఇనుము:
ఇష్టం బాగానే ఉంది. కానీ ‘దీనికి చావు లేదు’ అన్న పేరే వీటిని చంపుతోందని నేనంటాను. వర్షంలో నానినా, పడేసినా, ఎండలో మాడినా లేస్తుంది, నిజమే. ఆయిల్ లేకపోతే మాత్రం లేవదు. హోండా వాళ్ళకూ ఈ సంగతి తెలుసు. బీద దేశాల్లో జనం ఆయిల్ మార్చకుండా, మోయలేనంత బరువేసి తిప్పేస్తున్నారనీ, పైన కామ్ ఉన్న ఇంజన్లు అందుకే పాడైపోతున్నాయనీ చూశాకే 1970ల మధ్యలో సీజీ125 తెచ్చారు. అందులో కామ్‌ను కిందికి దించి, పుష్‌రాడ్లతో (పొడవాటి కడ్డీలతో) వాల్వులు కదిలించారు. అప్పటికి అది పాతకాలపు పద్ధతి, కావాలనే వెనక్కి వెళ్ళారు. నీ సీటీలో కామ్ పైనే ఉంది తమ్ముడూ, ఆయిల్ తగ్గితే ముందు ఎండిపోయేది అదే.

ట్యాపెట్:
ఈ మాటకు నా ఓటు కూడా. పొలం పనికి చేసిన యమహా ఏజీ200 చూడండి. రెండువైపులా సైడ్ స్టాండ్లు, క్లచ్ లివర్‌ను నొక్కిన స్థితిలోనే నిలిపే గొళ్ళెం, చైనుకు పూర్తి కవరు. గేటు తీసి రావడానికి దిగే రైతు ఏం చేస్తాడో ఆలోచించి చేశారు. మొండితనం అంటే మందమైన ఇనుమే అనుకుంటారు చాలామంది, నాకు మాత్రం అది వాడేవాడి గురించి ఇలా ఆలోచించడంలోనే కనిపిస్తుంది.

కొత్తరైడర్:
అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే చేశాను. దించిన ఆయిల్ తారులా ఉంది. జాలీ మీద జిగట, గ్యాస్కెట్ తునకలు ఉన్నాయి, లోహపు పొట్టు మాత్రం కనిపించలేదు. పైలట్ జెట్ పూర్తిగా మూసుకుపోయి ఉంది, శుభ్రం చేశాక చోక్ లేకుండా నిలబడుతోంది. ఫస్ట్ గేర్‌లో దూకడం పోయింది. క్లచ్ స్క్రూ సర్దాక కిక్ కూడా పట్టుకుంటోంది. నీలం పొగ మాత్రం అలాగే ఉంది, పొద్దున మొదటి స్టార్ట్‌లో. సిలిండర్ బోరు చేయించాలా (అరిగిన లోపలి గోడ చెక్కించాలా)? టెన్షన్‌గా ఉంది.

ట్యాపెట్:
లోహపు పొట్టు లేదంటే సగం టెన్షన్ పోయినట్టే. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే నీలం పొగ వచ్చి పోతుంటే వాల్వు స్టెమ్ సీళ్ళు (వాల్వు కాడ చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు చుట్టలు) గట్టిపడ్డాయన్న అనుమానం ఎక్కువ. పైనుంచి ఆయిల్ కొంచెం కొంచెంగా కారి సిలిండర్‌లోకి చేరుతుంది, అదే కాలుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు కూడా పొగ ఆగకుండా వస్తే అప్పుడు పిస్టన్ రింగులు, బోరు. సీళ్ళ పని హెడ్ దించితే అయిపోతుంది, తొందర లేదు. అప్పటిదాకా బండి తీసిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి.

హెడ్ దించకముందే ట్యాపెట్లు (వాల్వులను నొక్కేచోట ఉండే సన్న గ్యాప్) సరిచూడండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు) ఫ్లైవీల్ ‘టి’ గుర్తు కలిసినచోట, రెండు వాల్వులకూ 0.05 మి.మీ. గ్యాప్. టిక్‌టిక్ చప్పుడు నచ్చలేదని ఇంకా బిగించేసేవాళ్ళున్నారు. చప్పుడు పోతుంది, దాంతోపాటు వాల్వు కూడా కాలిపోతుంది.

కొత్తరైడర్:
అలాగేనండీ. చివరిగా ఒకటి. వెనక రాక్ మీద టెంటు, నీళ్ళ డబ్బా వేసుకుని కొండదారిలో వెళ్ళాలని ఉంది. లాగుతుందా?

మట్టిరోడ్డు:
లాగుతుంది, తన వేగంతో. ఎత్తు మీద టాప్ గేర్‌లో గురగురమంటుంటే మొహమాటపడకుండా గేర్ దించండి, ఇంజన్‌ను ఈడ్చకండి. హై-లో రేంజి లివర్ ఉన్న మోడల్ అయితే నిలువు ఎత్తులకు లో వాడుకోండి, ఆ మార్పు బండి ఆపాకే చెయ్యాలి. బరువు రాక్ చివరికి కాకుండా సీటుకు దగ్గరగా, కిందికి కట్టండి. నీళ్ళ డబ్బా పైన పెడితే మలుపుల్లో ముందు చక్రం తేలుతుంది.

పాతఇనుము:
దిగేటప్పుడు సంగతి కూడా చూసుకో. రెండూ డ్రమ్ బ్రేకులే, ఇంత బరువుతో ఏకబిగిన నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు. వెళ్ళేముందు వెనక చక్రం స్పోకులు ఒక్కొక్కటీ స్పానర్‌తో మీటి చూడు. మిగతావాటికి భిన్నంగా డబ్ మని మోగినది వదులైనట్టు. ఆయిల్ డబ్బా చిన్నదొకటి పెట్టుకో.