పర్లాకిమిడిలో లాప్‌టాప్ ఆన్ కావట్లేదు, ఫార్మాట్ అంటున్నారు. సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఈమధ్యే రాజమండ్రి నుంచి కాలేజీ ఉద్యోగం మీద పర్లాకిమిడి వచ్చాను. నిన్న సాయంత్రం ఉరుములతో వాన పడి కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. అప్పటి నుంచి లాప్‌టాప్ ఆన్ కావట్లేదు. ఆ టైములో ఛార్జర్ పెట్టే ఉంది. నా పాఠాలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక షాపులో అడిగితే చూడకుండానే ఫార్మాట్ చేయాల్సి రావచ్చన్నారు, అంటే లోపలున్నవన్నీ చెరిపేయడమే. ఊరు కొత్త, ఒడియా రాదు. చాలా టెన్షన్‌గా ఉంది.

—

తమ్ముడూ, ముందు కాస్త స్థిమితపడు. లాప్‌టాప్ ఆన్ కానంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. అవి ఉండేది ఎస్ఎస్‌డీలో, అంటే లోపలి స్టోరేజ్ డ్రైవ్‌లో. కరెంటు దెబ్బ ఎక్కువగా తగిలేది ఛార్జర్‌కి, ఆ తర్వాత మదర్‌బోర్డుకి. ఫార్మాట్ అనేది విండోస్ పాడైనప్పటి మాట. లైటే వెలగని మెషిన్‌కి దానితో పనేముంది? చూడకుండానే ఆ మాట అన్న చోట నీ లాప్‌టాప్ వదిలి రావద్దు.

వాన జల్లు పడి మెషిన్ ఏమైనా తడిసిందా? తడిస్తే బటన్ కూడా నొక్కకు, ఛార్జర్ పెట్టకు, నేరుగా షాపుకి తీసుకెళ్లు. తడవలేదంటే ఇది చదువు.

పవర్ బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతోందో జాగ్రత్తగా గమనించు. చిన్న లైటైనా వెలుగుతోందా? ఫ్యాన్ చప్పుడు వస్తోందా? క్యాప్స్ లాక్ లైటు గానీ ఛార్జింగ్ లైటు గానీ ఆగి ఆగి మిణుకుమంటుంటే ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకో. చాలా కంపెనీల మెషిన్లలో అది ఎన్నిసార్లు మిణుకుతోందన్న లెక్కను బట్టే ర్యామా, బోర్డా, బ్యాటరీయా అన్నది చెప్తారు.

ఏ లైటూ లేకపోతే ఛార్జర్ పీకెయ్. మౌస్, పెన్‌డ్రైవ్ కూడా తీసెయ్. పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదులు. కరెంటు అలా వచ్చి పోతున్నప్పుడు బోర్డు మీద కాస్త ఛార్జి మిగిలిపోయి మెషిన్ బిగుసుకుపోతుంటుంది. ఇలా పట్టుకుంటే అది ఖాళీ అవుతుంది. తర్వాత ఛార్జర్‌ని స్పైక్ బాక్సులో కాకుండా గోడ ప్లగ్గులోనే పెట్టు. ఆ ప్లగ్గులో ముందు ఫోన్ ఛార్జ్ అవుతోందో లేదో చూసుకో. పావుగంట ఆగి బటన్ నొక్కు.

అప్పటికీ కదలకపోతే నా అనుమానం ఛార్జర్ మీదే. దాన్ని వాసన చూడు. కాలిన వాసన వస్తే మళ్లీ ప్లగ్గులో పెట్టకు. కాలేజీలో ఎవరి దగ్గరైనా అదే కంపెనీ ఛార్జర్ ఉందేమో అడుగు. అయితే పిన్ను దూరింది కదా అని పెట్టేయొద్దు. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది, 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని ఇలా. వోల్టులు రెండింటికీ ఒకటే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. టైప్-సీ పిన్ను అయితే మామూలు ఫోన్ ఛార్జర్‌తో తేల్చుకోలేవు, చాలా లాప్‌టాప్‌లకి 45 లేదా 65 వాట్లు కావాలి.

ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ ఒక్కటే నల్లగా ఉంటే, గదిలో లైటు ఆర్పి ఫోన్ టార్చి స్క్రీన్ మీద ఏటవాలుగా వెయ్యి. మసకమసకగా ఏమైనా కనిపిస్తే మెషిన్ నడుస్తున్నట్టే, స్క్రీన్ వెనక లైటు పోయిందంతే. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి ఫైళ్లన్నీ కాపీ చేసుకోవచ్చు.

భాష గురించి దిగులొద్దు. ఇక్కడ బజారులో తెలుగు నడుస్తుంది. నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నమే కదా.

—

అన్నయ్యగారు చెప్పినవి చేసి చూడు బాబూ. వారంటీ ఉంటే మాత్రం ఎవరిచేతా విప్పించకు. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తే పిన్‌కోడ్ అడుగుతారు. కొన్నప్పటి రాజమండ్రి అడ్రస్ వాళ్ల దగ్గర ఉంటుంది, ఇప్పుడుంటున్నది 761200 అని మార్పించు. లేకపోతే మనిషి అక్కడికి వెళ్తాడు.

బయట షాపుకే ఇవ్వాల్సి వస్తే నీ ఎదురుగా విప్పమను. లోపలి ర్యామ్, ఎస్ఎస్‌డీ ఫోటో తీసుకో. వీలైతే ఎస్ఎస్‌డీ విప్పించి నీ దగ్గరే ఉంచుకో, బోర్డు రిపేరుకి అది అక్కర్లేదు. బోర్డు మీదే అతికించి ఉండే రకమైతే మాత్రం కుదరదు. మా అబ్బాయి లాప్‌టాప్‌కి అలాగే చేశాం, బోర్డు బాగు కాలేదు గానీ ఫైళ్లన్నీ దక్కాయి.

—

అన్నా, అమ్మా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఛార్జరే పోయింది! మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఛార్జర్ పెడితే లైటు వచ్చింది. కానీ ఇప్పుడు నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేను అలాంటిదేమీ పెట్టలేదు. ఇప్పుడు ఫార్మాట్ తప్పదా?

—

తప్పుతుంది తమ్ముడూ, ఎవరికీ ఇవ్వకు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషిన్లలో నువ్వు చెప్పకుండానే డ్రైవ్‌కి తాళం పడిపోయి ఉంటుంది. లోపలి సెట్టింగులు కాస్త అటూ ఇటూ అయితే అది తాళంచెవి అడుగుతుంది. ఫోన్ బ్రౌజర్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి, డివైజెస్‌లో బిట్‌లాకర్ రికవరీ కీస్ అని ఉంటుంది చూడు. 48 అంకెల నంబరు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే స్క్రీన్ మీద ఉన్న కీ ఐడీ మొదటి అక్షరాలతో పోల్చుకుని దాన్నే కొట్టు. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయ్యుంటే కీ కాలేజీ ఐటీవాళ్ల దగ్గర ఉండొచ్చు, అడుగు. ఫార్మాట్ చేశాక మాత్రం ఆ కీ దొరికినా ఫైళ్లు రావు.

తెరుచుకోగానే ఇంకే పనీ పెట్టుకోకుండా సర్టిఫికెట్లు, పాఠాలు బయటి డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. ఆ కీని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకో.

కొత్త ఛార్జర్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లి లేబుల్ పక్కపక్కన పెట్టి చూడు. మూడు పిన్నుల ప్లగ్గు వస్తే దాన్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చకు, ఎర్త్ తెగిపోతుంది. మీ గదిలో ఎర్త్ ఉందో లేదో ఇంటాయన్ని అడిగి ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఇక ఉరిమినప్పుడల్లా స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గే పీకెయ్, ఇంటర్నెట్ కేబుల్‌తో సహా. పిడుగు దగ్గర్లో పడితే స్పైక్ బాక్స్ కాపాడలేదు.