1600 మీటర్లకు దమ్ము పెరిగింది, 100 మీటర్లకు వేగం పెరగలేదు: కారణం ఏమిటి?

ప్రశ్న – గుంటూరు అభ్యర్థి

ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతున్నాను. గత నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. దానితో పాటు 100 మీటర్లను 15 సెకన్లలో పరిగెత్తాలి, లేదా లాంగ్ జంప్‌లో 3.80 మీటర్లు దూకాలి. ఉదయం పూట గ్రౌండ్‌లో నెమ్మదిగా రౌండ్లు వేయడం మొదలుపెట్టిన రెండో వారానికే ఆయాసం బాగా తగ్గింది. ఆ తరువాత మాత్రం 1600 టైమింగ్ ఉన్నచోటే ఆగిపోయింది, 100 మీటర్లలో అసలు మార్పే లేదు. ఎక్కువ దూరం పరిగెత్తితే వేగం చచ్చిపోతుందని కొందరు, రౌండ్లు మానేసి స్ప్రింట్లు చేస్తే రెండూ వస్తాయని మరికొందరు అంటున్నారు. ఈ రెండు రకాల సాధనకు శరీరంలో ఏమేం మారతాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం – శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు

రెండో వారానికే ఆయాసం తగ్గడం సహజమేనండి. సాధన మొదలైన కొద్ది రోజులకే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. దానివల్ల గుండెకు తిరిగి చేరే రక్తం ఎక్కువై, ఒక్కో స్పందనకు గుండె బయటికి పంపే రక్తమూ పెరుగుతుంది కనుక, అంతే వేగంతో పరిగెత్తినా నాడి మునుపటికన్నా నిదానంగా కొట్టుకుంటుంది. ఇది త్వరగా వచ్చే లాభం, త్వరగానే ఆగిపోయే లాభం కూడా. ఎర్రరక్తకణాల మొత్తం పెరగడానికి వారాలు పడుతుంది. కండర తంతువుల చుట్టూ కేశనాళికలు (అతి సన్నని రక్తనాళాలు) దట్టం కావడానికి, ఒంటికి రక్తాన్ని పంపే గుండె గది అయిన ఎడమ జఠరిక కొంత విశాలం కావడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి.

వీటన్నిటికన్నా కండరం లోపలి మార్పే ముఖ్యమని నా అభిప్రాయం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హోలోజీ ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కాలి కండరాల్లో మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్‌ను వాడుకొని శక్తినిచ్చే భాగాలు) ఎంజైముల పనితనం సుమారు రెట్టింపైందని 1967లో చూపించారు. మైటోకాండ్రియా పెరిగిన కండరం అదే వేగానికి కొవ్వును ఎక్కువగా, గ్లైకోజెన్‌ను (కండరంలో నిల్వ ఉండే పిండిపదార్థం) తక్కువగా ఖర్చు చేస్తుంది. వేగం పెరిగినప్పుడు గ్లైకోజెన్ విడిపోవడం వల్ల తయారయ్యే లాక్టేట్ పేరుకోవడం ఆలస్యమవుతుంది. ఏడెనిమిది నిమిషాల పరుగుకు కావలసిన శక్తిలో నూటికి 80 పాళ్లకు పైగా ఆక్సిజన్‌తో నడిచే ఈ ఏరోబిక్ మార్గంలోనే వస్తుంది కాబట్టి మీరు వేస్తున్న రౌండ్లు వృథా కావు.

100 మీటర్ల సంగతి వేరు. అందులో మొదటి కొన్ని సెకన్లకు కండరంలో సిద్ధంగా ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే శక్తి నిల్వ జేబులోని చిల్లరలాగా అక్కరకు వస్తుంది. ఆ వెంటనే గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ లేకుండానే విడగొట్టే మార్గం భారం ఎత్తుకుంటుంది. ఈ పని ప్రధానంగా వేగంగా సంకోచించే తంతువులది. నిదానపు పరుగులో మెదడు వాటిని పెద్దగా పిలవదు, పిలవని తంతువులో మార్పు రాదు. స్ప్రింట్లు, బరువులు చేసేవారిలో మొదట నాడీవ్యవస్థ ఆ తంతువులను ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ వేగంతో పనిలోకి దించడం నేర్చుకుంటుంది. కండరం లావెక్కకముందే బలం పెరగడానికి కారణం అదే. తరువాత తంతువులు మందమవుతాయి, గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైములు చురుకవుతాయి, కండరంలో పేరుకునే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి పెరుగుతుంది.

సమాధానం – జిమ్ శిక్షకుడు

అయితే రౌండ్లతో అవసరమేముంది? జపాన్‌లో ఇజుమి తబాతా బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంలో 20 సెకన్ల తీవ్ర వ్యాయామం, 10 సెకన్ల విరామం చొప్పున ఏడెనిమిది సార్లు చేసినవారికి 6 వారాల్లో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగమూ (శరీరం నిమిషానికి వాడుకోగల అత్యధిక ఆక్సిజన్) పెరిగింది, అనరోబిక్ సామర్థ్యం, అంటే ఆక్సిజన్ లేకుండా శక్తి పుట్టించే సామర్థ్యం, కూడా 28 శాతం పెరిగింది. వారానికి 5 రోజులు గంటసేపు మధ్యస్థ తీవ్రతతో చేసినవారికి ఈ రెండోది ఏమాత్రం పెరగలేదు.

సమాధానం – శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు

మీరు చెప్పిన ఫలితాలు నిజమే, కానీ ఆ ప్రయోగంలో విస్మరించకూడని అంశాలు ఉన్నాయి. తీవ్ర వ్యాయామం చేసిన బృందానికి వారంలో ఒక రోజు 30 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కూడా ఉంది. అది సైకిల్ యంత్రం మీద, అప్పటికే వ్యాయామం అలవాటున్న యువకులతో, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగానికి చేర్చే పని భారానికి సుమారు 170 శాతం తీవ్రతతో చేయించిన పని. చివరికి వాళ్లు పూర్తిగా అలసిపోయేవారు. పైగా గంటసేపు చేసిన బృందానికి కూడా గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం స్పష్టంగానే పెరిగింది. కాబట్టి 1600 కోసం నిదానపు పరుగు పనికిరాదని ఆ ప్రయోగం చెప్పలేదు.

సమాధానం – వ్యాయామ ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

వేగం చచ్చిపోతుందన్న భయానికి కొంత ఆధారం లేకపోలేదు. రాబర్ట్ హిక్సన్ 1980లో చేసిన ప్రయోగంలో బరువులు, ఓర్పు వ్యాయామాలు రెండూ కలిపి చేసినవారికి తొలి ఏడు వారాలు బలం మామూలుగానే పెరిగి, ఆ తరువాత ఆగి, చివరి వారాల్లో తగ్గింది. అయితే వాళ్లు బరువులను వారానికి 5 రోజులు, ఓర్పు వ్యాయామాన్ని 6 రోజులు చేశారు; మీలాంటి అభ్యర్థికి అంత భారం ఉండదు. వారంలో మూడు రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగినంత నిదానంగా రౌండ్లు వేయండి. ఒక రోజు పరీక్షకు కావలసిన వేగాన్ని మించి 400 మీటర్ల చొప్పున నాలుగైదు సార్లు, మధ్యలో తగినంత విరామంతో పరిగెత్తండి. మీ టైమింగ్ ఆగిపోవడానికి ఈ రోజు లేకపోవడమే కారణమని నేను అనుకుంటున్నాను. ఇంకో రోజు, కాళ్లు అలసిపోని సమయంలో, 30 నుంచి 60 మీటర్ల స్ప్రింట్లు పెట్టుకొని, ఒక్కోదానికి మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఆ విరామంలోనే క్రియాటిన్ ఫాస్ఫేట్ చాలావరకు తిరిగి నిండుతుంది. విరామం కుదిస్తే అది ఆయాసానికి సాధన అవుతుంది కానీ వేగానికి కాదు. ఇంకొక మాట: గుండె, ఊపిరి వారాల్లో సిద్ధమైనా స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపేవి), ఎముకలు అంత త్వరగా గట్టిపడవు. మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి మొదలైతే దూరం తగ్గించండి.

ప్రశ్న – గుంటూరు అభ్యర్థి

అందరికీ కృతజ్ఞతలు. ఈవెంట్స్‌కు ముందు పది రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకోమని మా సీనియర్లు అంటున్నారు. అది సరైనదేనా?

సమాధానం – శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు

పూర్తి విశ్రాంతి మంచిది కాదు. మొదట పెరిగిన ప్లాస్మాయే, సాధన ఆగితే కొద్ది రోజుల్లో మొదట తగ్గేది కూడా. 1966లో డల్లాస్‌లో ఐదుగురు యువకులను 3 వారాలు మంచానికే పరిమితం చేసినప్పుడు వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. మీరు మంచం పట్టరు కనుక అంత నష్టం ఉండదు. అయినా పది రోజులు ఖాళీగా ఉండటానికి బదులు పరిగెత్తే దూరాన్ని సగానికి తగ్గించి, వేగంగా చేసే రోజులను మాత్రం అదే వేగంతో కొనసాగించండి. చివరి ఒకటి రెండు రోజులు నడక, తేలికపాటి పరుగు సరిపోతాయి.